గోడ తాగిన నీళ్లు

మా బాత్రూమ్ రైల్లో ఉండేది. నవ్వకండి, నిజమే చెబుతున్నా.

పొద్దున్నే హిందూపురంలో ప్యాసింజరు ఎక్కేవాళ్లం. పెనుకొండ దగ్గర పడుతోందనగానే, ఇళ్లు కట్టే బేల్దారి పనికి పోయే ఆడవాళ్లందరం సద్ది సంచులు సీట్లలో పెట్టి, బోగీ చివర బాత్రూమ్ తలుపు ముందు వరసగా నిలబడేవాళ్లం. అవసరం ఉన్నా లేకున్నా పోవాల్సిందే. మళ్లీ పోయేది సాయంత్రం తిరుగు రైలు ఎక్కాకే. మధ్యలో పొద్దంతా ఇటుకలు మోసినా, ఇసుక జల్లించినా, ఎండలో మాడినా, ఆ ఒక్క సంగతి మాత్రం గుర్తు రాకూడదు.

వరసలో ముందు ఎప్పుడూ మా అత్తే. అత్త అంటే మా నాయన చెల్లెలు. నోరు పెద్దది, మనసు అంతకంటే పెద్దది. లోపల ఎవరైనా మగమనిషి ఆలస్యం చేశాడంటే తలుపు మీద దబదబా కొట్టేది.

"ఏమప్పా, లోపల సంసారం పెట్టినావా? పెనుకొండ వచ్చేస్తాండాది, దిగేటోళ్లం ఉండాం!"

ఆ మనిషి తల వంచుకుని బయటికొస్తే మేమంతా కొంగులు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వేవాళ్లం. అందరికంటే చివర మా అమ్మ పోయేది. "ముందు పోమ్మా" అంటే వినేది కాదు. "కడాన పోతే అంతసేపు ఎక్కువ ఆగొచ్చు గదే" అనేది. అదీ మా అమ్మ లెక్క.

మాది బుక్కపట్నం దిక్కు పల్లె. వానలు లేక చెనక్కాయ పంట చేతికి రాకుండా పోయేసరికి, నాయన గొర్రెలతో ఊళ్లోనే ఉండిపోయాడు. నేనూ అమ్మా హిందూపురం వచ్చి, అత్త వాళ్ల ఇంటి పక్కనే ఒక గది తీసుకున్నాం. నేను పదో తరగతి లెక్కల్లో తప్పాను. మళ్లీ పరీక్ష కడదాంలే అనుకుంటూ ఉండగానే నా తల మీదికి బాండ్లి వచ్చింది. బాండ్లి అంటే సిమెంటు మాలు మోసే ఇనుప తట్ట. ఒకసారి ఎక్కిందంటే అంత సులభంగా దిగదు.

అప్పుడు మా పని పెనుకొండలో, కొండ కింద కొత్తగా వేసిన ప్లాట్లలో. ఒకప్పుడు అక్కడంతా కంపచెట్లు ఉండేవట. ప్లాట్లు వేసినవాళ్లు జేసీబీ పెట్టి అన్నీ పీకించి, నేల చదును చేసి, తెల్ల రాళ్లు పాతారు. చూసేవాళ్లకు శుభ్రంగా ఉంది. మాకు మాత్రం చాటుకు ఒక పొద కూడా మిగల్లేదు. కుక్క పోయినా రోడ్డు మీద నుంచి కనబడుతుంది. మగవాళ్లకేం, గోడ వైపు తిరిగితే అయిపోయింది.

కట్టే ఇంట్లో బాత్రూమ్‌లు లేవా అంటే, ఉన్నాయి. పడకగదికొకటి. వాటికి ఇటుకలు మోసింది మేమే. కానీ అవి ఉత్త గోడలు. తలుపుల్లేవు, పైపుల్లేవు. ఉన్నా సరే, గృహప్రవేశం కాని ఇంట్లో అలాంటి పని చేయడానికి మాకే మనసొప్పదు. పునాదిలో టెంకాయ కొట్టిన రోజు మేమూ దండం పెట్టుకున్నవాళ్లమే కదా.

అందుకని నీళ్లు తాగేవాళ్లం కాదు. ఇది ఎవరో చెప్పి నేర్పింది కాదు. అత్తను చూసి అమ్మ, అమ్మను చూసి నేను. మధ్యాహ్నం సంగటి ముద్ద ఊరిబిండి పచ్చడితో మింగి, ఒక గుక్క నోట్లో పోసుకుని పుక్కిలించి ఉమ్మేసేవాళ్లం. గొంతులో సిమెంటు దుమ్ము గరగరమంటే బెల్లం ముక్క చప్పరించేవాళ్లం. బెల్లం దుమ్మును లాక్కుపోతుందని మాలో ఒక నమ్మకం. లాక్కుపోతుందో లేదో తెలీదు గానీ, దప్పికను మాత్రం బాగా లాక్కొచ్చేది.

ఒకరోజు సాయంత్రం రైల్లో అమ్మ ఒళ్లు కాలిపోతోంది. నడుము పక్కన చెయ్యి పెట్టుకుని, కిటికీ ఊచకు తల ఆనించి కూర్చుంది. ఒంటికి పోతే నిప్పులు పోసినట్టు మంటగా ఉందని అత్త చెవిలో చెప్పింది. నాతో చెప్పలేదు. మరుసటి రోజు బలవంతంగా హిందూపురంలో ఆస్పత్రికి తీసుకుపోయాను. డాక్టరమ్మ చీటీ చూసి, అమ్మ మొహం చూసి, నిట్టూర్చింది.

"పోయినసారి కూడా ఇదే కదమ్మా. నీళ్లు తాగమని చెప్పానా లేదా?"

"తాగుతాండా మేడమ్" అంది అమ్మ.

"అబద్ధం" అన్నాను నేను.

డాక్టరమ్మ నా వైపు తిరిగి చెప్పింది. పొద్దంతా కొంచెం కొంచెంగా నీళ్లు తాగుతూ ఉండాలి, వచ్చినప్పుడు ఆపుకోకూడదు. ఇలాగే మళ్లీ మళ్లీ వస్తే కిడ్నీలకు ఎక్కుతుంది, అప్పుడు మాత్రలతో పోదు. అమ్మ బుద్ధిగా తలూపింది. వరండాలోకి వచ్చాక మందుల సంచి నా చేతికిచ్చి మెల్లగా అంది.

"ఆయమ్మ మంచి మాటే చెప్పింది. తాగి యాడికి పోవాల?"

మందుల సంచి పట్టుకుని ఆమె వెనకే నడిచాను. కానీ కిడ్నీ అన్న మాట నా చెవిలో దిగబడిపోయింది. మా ఊళ్లో ఒకాయన కిడ్నీలు పోయి రక్తం మార్పించుకోవడానికి అనంతపురం తిరిగి తిరిగి ఎలా చిక్కిపోయాడో చూసినదాన్ని. ఆ రోజు నుంచి నాకు ఒకటే ధ్యాస: అమ్మ పనిలో ఉన్నప్పుడు నీళ్లు తాగాలి.

ఒక పెద్ద సీసా కొని, పొద్దున్నే నింపి, అమ్మ సద్ది సంచిలో పెట్టడం మొదలుపెట్టాను. పొద్దున ఎంత నిండుగా పోయేదో సాయంత్రం అంతే నిండుగా తిరిగొచ్చేది. నేను తిట్టేదాన్ని, అమ్మ నవ్వేది. తర్వాత ఒకరోజు సీసా ఖాళీగా వచ్చింది. నాకు రెక్కలొచ్చినట్టయింది. రైల్లో అందరికీ చూపించాను. అత్త నా నెత్తిన మొట్టికాయ వేసింది.

"మీయమ్మ తాగిందనుకున్యావా పిచ్చిదానా? బాత్రూమ్ గోడకు పోసింది. నా కండ్లతో చూసినా."

అమ్మ కిటికీలోంచి బయటికి చూస్తూ, "కాళీగా తెస్తే ఇది గమ్మునుంటాదని" అంది.

"గోడ తాగాల, నువ్వు మాత్రం ఎండిపోవాల!" అంది అత్త.

"గోడకు ఒంటికి పోయే పని ల్యా గదే" అంది అమ్మ. బోగీలో ఉన్న మా వాళ్లంతా పడీ పడీ నవ్వారు. నేనూ నవ్వాను, ఏడుపు ఆపుకుంటూనే. ఎందుకంటే ఆ ఇంట్లో గోడలు తడపడం నా పని. కొత్త గోడ నీళ్లు తాగకపోతే పగులుతుందని మేస్త్రి పూటపూటా నా వెంట పడేవాడు. "పాపా, ఆ పక్క గోడ నోరెండిపోయి ఉండాది సూడు, పొయ్యి పొయ్యి" అని. గోడ నోరు ఎండితే కనిపెట్టే మనిషి ఉన్నాడు.

మేస్త్రి చెడ్డవాడు కాదు. నేనే పోయి అడిగాను. "అన్నా, మాకు ఒంటికి పోనీకి ఒక మరుగు కావాల" అన్నాను. ఆయన మొహం ఎర్రగా అయిపోయింది. చేతిలో తాపీ అటు తిప్పి ఇటు తిప్పి, "సారును అడగాల పాపా... యట్ల అడిగేది..." అని సణుగుతూ గోడకు కట్టిన సారవ కట్టెలు ఎక్కి వెళ్లిపోయాడు. మేడ అంచున నడిచే మనిషికి ఆ ఒక్క మాట ఇల్లు కట్టించే సారుతో అనడానికి భయం.

"ఆయప్ప అడిగేసరికి మనం ముసిలోళ్లమయితాం" అంది అత్త. "ఇండ్లు కట్టేటోళ్లం, ఒక మరుగు కట్టుకోలేమా?"

ఆ మధ్యాహ్నం సద్ది తిన్నాక కట్టేశాం. నీళ్ల డ్రమ్ముల పక్కన ఇసుక కుప్ప ఉంది, అది ఒక గోడ. సెంట్రింగ్ రేకు నిలబెడితే రెండో గోడ. ఖాళీ సిమెంటు సంచులు కలిపి కుట్టి మూడో పక్క కట్టాం. కాళ్ల కింద ఇటుకలు. ముందు తెరకు గుడ్డ లేకపోతే, అమ్మ తన నెత్తికి చుట్టుకునే పాత చీర తీసిచ్చింది. ఎంత ముచ్చటగా కుదిరిందో! అత్త లోపలికి పోయొచ్చి, "మారాణి మాదిరి ఉండాది" అని చేతులు తిప్పింది.

ఆ రోజు అమ్మ సీసా మూత తీసింది. గోడ వైపు కాదు, నోటి వైపు ఎత్తింది. గుటకలు పడుతుంటే గొంతు కదలడం చూస్తూ నిలబడ్డాను. "ఏమే, నీళ్లు తాగేది ఎప్పుడూ సూళ్లేదా? పో, పని సూస్కో" అంది.

ఇక్కడ అవ్వ గురించి చెప్పాలి. ఆ ఇల్లు కట్టించే సారు వాళ్ల అమ్మ. వాళ్లది ధర్మవరం, పట్టుచీరలు నేసే ఇల్లు. అవ్వ వయసులో ఉన్నంత కాలం గుంటమగ్గం మీద నేసింది. గుంటలో కాళ్లు పెట్టి తొక్కి తొక్కి మోకాళ్లు పూర్తిగా పోయాయి. సారుకు పెనుకొండలో ఆఫీసు ఉద్యోగం. అమ్మను తెచ్చి దగ్గర పెట్టుకోవాలని, కూర్చుని లేవడానికి ఇబ్బంది లేని బాత్రూమ్ ఆమె గదికి ఆనించి ఉండాలని ఈ ఇల్లు మొదలుపెట్టాడు. రోజూ పొద్దున తనతోపాటు తీసుకొచ్చి, రేకుల నీడలో కుర్చీ వేసి, పక్కన నీళ్ల సీసా పెట్టి, "మా, పని సూస్తాండు" అని చెప్పి ఆఫీసుకు పోయేవాడు. సాయంత్రం వచ్చి తీసుకుపోయేవాడు.

అవ్వ కుర్చీలో నుంచే మమ్మల్నందరినీ ఆడించేది. "ఏమ్మే, ఇటుకలు మోస్తాండావా, బిడ్డను జోకొడతాండావా?" అని నన్ను ఎగతాళి చేసేది. అత్త ఊరుకునేది కాదు. "నువ్వొచ్చి మొయ్యవ్వా, నేను కుర్చీలో కూసుంటా" అనేది. ఇద్దరికీ పొద్దు అలా పోయేది.

మేం మరుగు కట్టుకున్న తర్వాత ఒకసారి, ఆ తెర ఊగుతోందని చూశాను. ఎవరూ బయటికి రాలేదు. నేను బాండ్లి దించి వచ్చేసరికి అవ్వ కుర్చీలో కూర్చుని, ఆయాసపడుతూ, కుచ్చిళ్లు సర్దుకుంటోంది. గాలికి ఊగిందేమోలే అనుకున్నాను.

ఆ మంచి కాలం ఎన్నాళ్లో ఉండలేదు. ఒక ఆదివారం సారు తట్టలో పసుపు, కుంకుమ, టెంకాయ, పూలు పెట్టుకుని, అవ్వను వెంటబెట్టుకుని వచ్చాడు. సంపు గుంత తవ్వడానికి పూజ చేయాలట. నేరుగా మా తెర ముందుకొచ్చి ఆగిపోయాడు.

"ఏందప్పా మేస్త్రీ ఇది?"

మేస్త్రి నసిగాడు. "అదీ సార్... ఆడోళ్లు... గుడ్డలు మార్సుకోనీకి..."

"గుడ్డలు గాదు సార్, ఒంటికి పోనీకి" అంది అత్త.

సారు తట్టతో రెండడుగులు వెనక్కి వేశాడు. "ఈశాన్యంలోనా! దేవుని మూల గదా ఇది! రేపు మేము తాగే నీళ్లు నిలబడేది ఈడ్నే గదా!"

మేం ఒకరి మొహాలు ఒకరం చూసుకున్నాం. నిజమే. ఎన్ని ఇళ్లు కట్టాం! వంటగది ఏ మూల, మెట్లు ఏ మూల, సంపు ఏ మూల, నిద్రలో లేపి అడిగినా చెబుతాం. సంపు కోసం మేస్త్రి ముగ్గుపిండితో గీసిన గీతలు అక్కడే ఉన్నాయి. వాటి మీదే ఇసుక లారీ వచ్చి కుప్ప పోసింది. మేం నీళ్ల డ్రమ్ములు చూసుకున్నాం, ఇసుక కుప్ప చాటు చూసుకున్నాం. మా అవసరానికి వచ్చేసరికి ఏ మూలన నిలబడ్డామో ఒక్కళ్లకూ తోచలేదు. జీవితమంతా మూలలు చెప్పే అత్త కూడా నాలుక కరుచుకుంది.

సారు బూతులేమీ తిట్టలేదు. ఆయన భయం ఆయనది. జన్మకొక ఇల్లు, అందులో తన అమ్మ నాలుగు కాలాలు చల్లగా ఉండాలని ఆశ. కళ్లలో నీళ్లు తిరిగాయి కూడా. మేస్త్రి గబగబా కట్టెలు పీకేశాడు. సారు పసుపునీళ్లు చల్లి, ఎక్కడి నుంచో సీసాలో ఆవు పంచితం తెప్పించి ఆ మూలంతా చల్లించాడు. అత్త నా చెవిలో గొణిగింది.

"ఆవు పోస్తే పుణ్యమంట, మనం పోస్తే పాపమంట!"

నాకు నవ్వు ఆగలేదు. కానీ అమ్మను చూసేసరికి నవ్వు చచ్చిపోయింది. అమ్మ వంగి తన చీర తీసుకుని, దుమ్ము దులిపి, మడిచి సంచిలో పెట్టుకుంటోంది. దాని కింద నీళ్ల సీసా పెట్టి మూత గట్టిగా బిగించింది. అవ్వ కుర్చీలో నుంచి అంతా చూసింది. ఎప్పుడూ నోరు మూయని అవ్వ చేతికర్రతో నేల గీకుతూ కూర్చుంది.

సీసా మళ్లీ నిండుగా ఇంటికి వచ్చింది. పొద్దున లేచేసరికి అమ్మ ఒళ్లు వెచ్చగా ఉంది. ఇంకో వారంలో మోల్డు. పైకప్పు కాంక్రీటు పోసే రోజును మేం మోల్డు అంటాం. "నువ్వు రావద్దు, ఇంట్లో పండుకో" అన్నాను. "మోల్డు దినం మనిషి తక్కువయితే వరస తెగుతాది. ఊరికే ఉండు" అంది. మోల్డు దినం కంటే ముందు, ఈ వారమంతా ఇలాగే ఎండితే ఏమవుతుందోనని నా భయం.

ఆ మధ్యాహ్నం అవ్వ మాత్ర వేసుకోవడం చూశాను. చిన్న గుక్కతో మాత్ర మింగి, ఇంకో గుక్క పుక్కిలించి పక్కకు ఉమ్మేసింది. సరిగ్గా మేం చేసినట్టే. నేను దగ్గరికి పోయి కింద కూర్చున్నాను.

"అవ్వా, నువ్వు కూడానా?"

"గమ్మునుండు మే" అంది. సీసా మూత బిగించి తనే చెప్పింది. "గుంటమగ్గంలో దిగినానంటే లేస్తే పోగు తెగుతాదని మా అత్త అరిసేది. లేసేది లేకుండా నీళ్లు తాగేది మానుకున్యా. ఆ అలవాటు ఇప్పుడు గూడా పోలే. షుగరొచ్చినంక ఆపుకోలేక సచ్చిపోతాండా పాపా. మీరు ఆ తెర కట్టినంక..." అని ఆగి, చుట్టూ చూసి, గొంతు తగ్గించింది. "నాకు ప్రాణం లేసొచ్చింది."

అప్పుడు అర్థమైంది, ఆ తెర గాలికి ఊగలేదని.

"మరి సారుకు చెప్పొచ్చు గదవ్వా!"

అవ్వ తల పక్కకు తిప్పుకుంది. అవతల అమ్మ ఇటుకల మీద కూర్చుని, నడుము పక్కన చెయ్యి అదుముకుని ఉంది. అవ్వ చాలాసేపు అటే చూసింది. "మీయమ్మకు ఏమైంది?" అంది. చెప్పాను. జబ్బు రెండోసారి రావడం, కిడ్నీ మాట, అంతా చెప్పాను.

సాయంత్రం సారు వచ్చేసరికి మేం చేతులు కడుక్కుంటున్నాం. ఆయన అవ్వను లేపడానికి చెయ్యి అందించాడు. అవ్వ లేవలేదు.

"ఒరే, నిన్న పసుపునీళ్లు సల్లినావు గదా. ఇంగా ఉండాయా?"

"ఏంటికి మా?"

"నా మింద గూడా సల్లు."

సారుకు అర్థం కాలేదు.

"నేను గూడా పోయినా ఆడికి. ఒగ దినం గాదు, అది కట్టినప్పట్నుంచి దినామూ. ఈశాన్యం పాడయ్యింటే ఈ కూలోళ్లతో కాలేదు, మీయమ్మతోనే అయింది."

 అత్త చేతిలో మగ్గు అలాగే ఉండిపోయింది. మేస్త్రి ఆకాశం వైపు చూస్తున్నాడు.

"నాకు చెప్పొచ్చు గదమ్మా..." అన్నాడు సారు.

"కన్నకొడుక్కు ఏమని చెప్పేది? పొద్దున్నే కుర్చీలో దించిపోతావు. సీసా ఇచ్చి, నీళ్లు తాగు మా అంటావు. తాగి యాడికి పోవాలని ఒగ దినమన్నా అనుకున్యావా?"

ఆ మాట వినగానే అమ్మ తలెత్తింది. ఆస్పత్రి వరండాలో తను నాతో అన్న మాటే అది. పట్టుచీరలు నేసిన అవ్వా, ఇటుకలు మోసే అమ్మా ఒకరినొకరు చూసుకున్నారు. 

సారు స్థలం చుట్టూ ఒకసారి నడిచాడు. తిరిగొచ్చి, "మేస్త్రీ, లెట్రిన్ గుంత ఏ మూల?" అన్నాడు.

"వాయవ్యం సార్. మోల్డు అయినంక..."

"రేపే తవ్వండి."

తవ్వారు. సిమెంటు వరలు దింపి, పైన బండ పరిచి, చుట్టూ రేకులు నిలబెట్టారు. తలుపుకు లోపల గొళ్లెం పెట్టారు. గొళ్లెం! అత్త దాన్ని వేసి తీసి, వేసి తీసి, "ఏమబ్బా, మా ఇంట్లో గూడా ఇంత గట్టి గొళ్లెం ల్యా" అని మురిసిపోయింది. అవ్వ లేవడానికి పట్టుకుంటుందని మేస్త్రి లోపల ఒక సర్వి కట్టె అడ్డంగా బిగించాడు. అవ్వ పోయి పట్టుకుని చూసి, "ఇంగ జానెడు కిందికి" అని అరిచింది. దించాడు. "అసలు బాత్రూమ్‌లో గూడా సరీగ్గా ఇంతెత్తులోనే పెట్టాల, గుర్తుపెట్టుకో" అంది. మేస్త్రి గోడ మీద బొగ్గుతో గీత గీసుకున్నాడు.

కానీ అలవాటు అంత సులభంగా పోదు. మరుగు ఉన్నా అమ్మ పొద్దుకొక్కసారే పోయేది, అదీ ఎవరూ చూడనప్పుడు. నీళ్లు కూడా అంతే, మందు తాగినట్టు తాగేది. మాత్రలకు జ్వరమైతే తగ్గింది. ఇక మోల్డు రోజు ఎలా అన్నదే నా దిగులు.

మోల్డు అంటే పండగే. కాంక్రీటు కలిపే మిల్లరుకు పసుపు రాసి, కోడిని కోసి, టెంకాయ కొట్టాక అది తిరగడం మొదలవుతుంది. ఇక ఆగకూడదు. కాంక్రీటు మధ్యలో ఆగితే అతుకు పడుతుంది, అతుకు పడితే వానకు కారుతుంది. కింద నుంచి పైకి సారవ మెట్ల మీద మేమంతా వరసగా నిలబడి, బాండ్లి చేతి నుంచి చేతికి అందిస్తాం. నిండుది పైకి, ఖాళీది కిందికి. ఒక్కరు పక్కకు జరిగితే వరసంతా ఆగిపోతుంది. అందుకే మోల్డు ఉందంటే అమ్మ ముందురోజు సాయంత్రం నుంచే నీళ్లు ముట్టేది కాదు.

ఆ రోజు పొద్దున నేను పట్టుబట్టి, సీసా పట్టుకుని ఎదురుగా నిలబడ్డాను. "తాగితేనే నేను బాండ్లి పట్టేది" అన్నాను. తిట్టుకుంటూ తాగింది. ఎండ ఎక్కాక అవ్వ కూడా కుర్చీలో నుంచి చెంబు పంపించింది, "అందరూ తాగండే, ఎవరు తాగకపోతే వాళ్లకు బిరియానీ ల్యా" అని.

పని మంచి ఊపులో ఉంది. మేస్త్రి పైనుంచి "బిన్నే, బిన్నే" అని తొందరపెడుతున్నాడు. నా పై మెట్టు మీద అమ్మ. బాండ్లి అందిస్తూ చూశాను. అమ్మ మొహం బిగుసుకుపోయింది. కాళ్లు దగ్గరగా పెట్టుకుని నిలబడింది. పెదవి పళ్ల కింద నొక్కి పట్టింది. నాకు తెలుసు అదేమిటో.

"పోయిరామ్మా."

"గమ్మునుండే. వరస."

బాండ్లి వచ్చింది, పోయింది. మళ్లీ వచ్చింది. అమ్మ నుదుటి మీద చెమట ఎండది కాదు. రోజంతా ఇలా ఆపుకుంటే ఈ నీళ్లు తాగించిన నేనే ఆమెను చంపినట్టు అనిపించింది. ఏం చేయాలో తెలియక కింద కుర్చీ వైపు చూశాను. అవ్వ మమ్మల్నే చూస్తోంది. కర్ర నేలకేసి కొట్టింది.

"ఏమ్మే! పోయిరా పో! మిద్దె యాడికీ పారిపోదు!"

మగవాళ్లందరికీ వినబడింది. అమ్మ సిగ్గుతో కుంచించుకుపోయింది. ఆ క్షణాన పైనుంచి సారవ కిర్రుమంది. మేస్త్రి దిగి వస్తున్నాడు. అమ్మ పక్కకొచ్చి, మొహం అటు తిప్పుకుని, రెండు చేతులూ చాచాడు.

"అక్కా, నీ తావ నేను నిలబడతా. బిన్నే రా, నాకు నడుము నొప్పి."

అమ్మ చేతిలో బాండ్లి ఆయన చేతిలోకి పోయింది. వరస ఆగలేదు. అమ్మ మెట్లు దిగి, తల వంచుకుని, వాయవ్యం మూలకు నడిచింది. గొళ్లెం పడిన చప్పుడు మిల్లరు రొదలో వినబడలేదు గానీ, పడిందని నాకు తెలుసు.

తిరిగొచ్చినప్పుడు అమ్మ మొహం కడుక్కుని ఉంది. మేస్త్రి పైకి పోబోతుంటే అత్త పిలిచింది. "ఏమప్పా మేస్త్రీ, పోతాండావా? ఇప్పుడు నా వంతు." ఆయన నుదురు కొట్టుకుని అత్త మెట్టు మీదికి వచ్చాడు. అత్త తర్వాత ఇంకొకరు. తర్వాత నేను. "తాపీ పట్టేటోన్ని, ఈ పొద్దు కూలి మనిషిని జేసినారు గదా!" అని మేస్త్రి మొత్తుకుంటే పైన ఉన్న మగవాళ్లు ఈలలు వేశారు. అతుకు పడలేదు. పొద్దు వాలకముందే మోల్డు అయిపోయింది.

సాయంత్రం రైలు ఎక్కాం. ఎప్పుడూ ఎక్కగానే బోగీ చివరికి పరుగు తీసేవాళ్లం. ఆ రోజు ఎవరం లేవలేదు. బాత్రూమ్ తలుపు రైలు కుదుపుకు తెరుచుకుంటూ మూసుకుంటూ ఉంది, ముందర ఒక్కరు లేరు. అత్త బిరియానీ మత్తులో గుర్రు పెట్టింది. అమ్మ బొరుగులు కొనుక్కుని, కిటికీలో నుంచి చేలు చూస్తూ ఒక్కొక్కటే నోట్లో వేసుకుంది. మధ్యలో సీసా తీసి తాగింది, ఎవరూ చెప్పకుండానే.

హిందూపురంలో దిగాక నేను ముందు నడుస్తున్నాను. వెనక నుంచి అమ్మ పిలిచింది. ప్లాట్‌ఫారం కుళాయి చూపిస్తూ, ఖాళీ సీసా నా వైపు చాచింది.

"ఇంటికి పోయే లోపల దప్పికయితాది. ఇది నింపుకోనిరా."